పచ్చ నోట్ మీద ఎర్ర గీత

ప్రభుత్వ ఫైళ్లను కంప్యూటర్‌లో నడిపే ఈ-ఆఫీస్‌లో ఫైలు తెరిస్తే నోట్ రాసే పేజీ లేత ఆకుపచ్చగా ఉంటుంది. పాతకాలపు పచ్చ నోట్ షీట్లకు అలవాటుపడిన మాలాంటి వాళ్లకు అది పరాయిగా అనిపించకూడదని కాబోలు. ఆ పచ్చ పేజీ మీద నేను ఇంగ్లిషులో వాక్యం రాయగానే దాని కింద సన్నటి ఎర్ర గీత వచ్చేది. గీత మీద మౌస్ పెడితే ‘ఈ వాక్యం కటువుగా ఉంది, ఇలా మార్చి చూడండి’ అని చిన్న పెట్టెలో సలహా కనిపించేది. రెండేళ్లపాటు ఆ గీతను రోజూ చూశాను. నా వాక్యం కటువుగా ఉందని చెప్పాలంటే ఎవరో దాన్ని ముందు చదవాలి కదా అన్న ఆలోచన ఒక్కనాడూ రాలేదు.

నాది బెంగళూరులో ఒక కేంద్ర ప్రభుత్వ కార్యాలయం. పేరు చెప్పను. విధాన సౌధ మెట్రో స్టేషన్‌లో దిగి నడిచి వెళ్లేంత దూరం. సొంత ఊరు హిందూపురం, ఉంటున్నది కె.ఆర్.పురం, సర్వీసు 26 ఏళ్లు. తెలుగు, కన్నడం దేనిలోనైనా పోట్లాడగలను. ఇంగ్లిషులో మాత్రం ఉత్తరం రాసి పైకి పంపితే ‘ఎ’, ‘యాన్’, ‘ది’ అన్నీ ఎర్ర సిరాతో దిద్ది తిరిగొచ్చేవి. అది చూసి పక్క సీటు ఆవిడ జాలిపడి, 2023లో ఒకరోజు భోజనం వేళ నా బ్రౌజర్‌లో ఒక గ్రామర్ ఎక్స్‌టెన్షన్, అంటే బ్రౌజర్‌కు తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్, పెట్టి వెళ్లింది. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. మా కంప్యూటర్లలో చిన్న ప్రింటర్ డ్రైవర్ వేయాలన్నా సిస్టమ్స్ వాళ్లు వచ్చి అడ్మిన్ పాస్‌వర్డ్ కొట్టాలి. దీనికి ఏ పాస్‌వర్డూ అడగలేదు. అడగలేదంటే ఫర్వాలేదనే అర్థమని అనుకున్నాను.

నియమాలు మాకు తెలియవని చెబితే అబద్ధమవుతుంది. నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ 2022 జూన్‌లో ప్రభుత్వ ఉద్యోగులందరికీ సైబర్ భద్రత మార్గదర్శకాలు ఇచ్చింది. మా దగ్గర ఆ కాగితాలు విభాగాల వారీగా తిరిగాయి. ఒక్కొక్కరం పేరు ఎదురుగా సంతకం పెట్టాం. పాస్‌వర్డ్ 45 రోజులకోసారి మార్చాలి, ఆఫీసు కాగితాలు గూగుల్ డ్రైవ్‌లోనో డ్రాప్‌బాక్స్‌లోనో దాచకూడదు, కామ్‌స్కానర్ లాంటి యాప్‌లతో స్కాన్ చేయకూడదు, బ్రౌజర్‌లో పాస్‌వర్డ్‌లు భద్రపరచకూడదు. వాటిలోనే ఇంకొకటి: బయటివాళ్ల టూల్‌బార్లు బ్రౌజర్‌లో పెట్టుకోకూడదు. ఉదాహరణకు వాతావరణం చూపించే టూల్‌బార్ అని కూడా రాశారు. అది చదివి నాకు నవ్వొచ్చింది. టూల్‌బార్ అంటే ఒకప్పటి ఇంటర్నెట్ సెంటర్లలో బ్రౌజర్ నెత్తి మీద మూడు అంతస్తులుగా పేరుకుపోయే పట్టీలు. ఈ రోజుల్లో అవెవరు వాడతారు? సంతకం చేసి కాగితం పక్క బల్లకు తోశాను.

2025 జనవరిలో ఒక సోమవారం పొద్దున బ్రౌజర్ తెరిస్తే కుడివైపు మూలన ఉండే బొమ్మలన్నీ మాయమయ్యాయి. మెనూ అడుగున కొత్త వాక్యం: మీ బ్రౌజర్ మీ సంస్థ నిర్వహణలో ఉంది. పదకొండింటికి మెయిల్ వచ్చింది. మీ కంప్యూటర్‌లో అనుమతి లేని ఏడు ఎక్స్‌టెన్షన్లు కనిపించాయి, రెండు పనిదినాల్లో సంజాయిషీ ఇవ్వండి.

ఏడా? నాకు తెలిసి రెండే. గ్రామర్‌ది ఒకటి, పీడీఎఫ్‌లు కలిపేది ఒకటి. మిగతా అయిదూ ఎవరో నా నెత్తిన రుద్దారని కోపం ముంచుకొచ్చింది. ‘నేను ఈ కంప్యూటర్‌లో ఏ సాఫ్ట్‌వేర్‌నూ ఇన్‌స్టాల్ చేయలేదు’ అంటూ పెద్ద జవాబు రాయడం మొదలుపెట్టాను. దిద్దే గీత లేకపోవడంతో ఆ ఒక్క పేరా మూడుసార్లు తిరగరాశాను.

పంపే ముందు ఎందుకైనా మంచిదని సిస్టమ్స్ విభాగానికి వెళ్లాను. అక్కడ కాంట్రాక్టు మీద పనిచేసే ఆదోని అబ్బాయి ఒకడున్నాడు. మా ఆఫీసులో తెలుగువాళ్లం తొమ్మిది మందిమే కాబట్టి అతనితో కాస్త చనువు.

“మేడమ్, ఆ జవాబు పంపకండి. మీ పేరు మీద ఇంకో తప్పు పడుతుంది” అన్నాడు చదవగానే.

“ఏం నాయనా, నిజమే కదా రాశాను?”

“ఎక్స్‌టెన్షన్ కూడా సాఫ్ట్‌వేరే మేడమ్, అప్పటి టూల్‌బార్లకు ఇప్పటి రూపం. కంప్యూటర్‌లోకి కాకుండా మీ బ్రౌజర్ ప్రొఫైల్‌లోకి వెళ్లి కూర్చుంటుంది. అందుకే అడ్మిన్ పాస్‌వర్డ్ అడగదు. మాకు తలనొప్పి కూడా అందుకే.”

తరువాత నా జాబితా తీశాడు. గ్రామర్, పీడీఎఫ్ సరే. మూడోది కొనుగోలు సైట్లలో డిస్కౌంట్ కూపన్లు వెతికేది. నాలుగోది వీడియోల వేగం పెంచేది. అయిదోది తెరను నల్లగా మార్చేది. ఆరోది స్క్రీన్ షాట్ తీసేది. ఏడోది కొత్త ట్యాబ్ తెరిచినప్పుడల్లా కొండల ఫొటో చూపించేది. కొండల ఫొటో దగ్గర నాకు విషయం అర్థమైంది. అది మా అబ్బాయిది. ఇంట్లో కంప్యూటర్ వాడేది వాడే.

జరిగింది ఇది. ఇంట్లో దాచుకున్న బుక్‌మార్క్‌లు ఆఫీసులోనూ కావాలని ఒకప్పుడు నా సొంత గూగుల్ ఖాతాతో ఆఫీసు క్రోమ్‌లోకి లాగిన్ అయ్యాను. సింక్ ఆన్ చేశాను. సింక్ బుక్‌మార్క్‌లతో ఆగదు. భద్రపరచిన పాస్‌వర్డ్‌లు, ఎక్స్‌టెన్షన్లు అన్నీ తెస్తుంది. మా వాడు రాత్రి ఇంట్లో ఏది పెడితే అది తెల్లారి నేను ఆఫీసులో బ్రౌజర్ తెరిచేసరికి నాకంటే ముందే హాజరు. ఇంజనీరింగ్ రెండో సంవత్సరం కుర్రాడు తన బూట్ల మీద రెండు వందలు మిగుల్చుకోవడానికి పెట్టుకున్న కూపన్ల యంత్రం నా ఈ-ఆఫీస్ ఫైళ్ల పక్కన ఏడాదికి పైగా కాపురం చేసింది.

ఆదోని అబ్బాయి అంతటితో వదల్లేదు. ఆఫీసు నెట్‌వర్క్‌తో సంబంధం లేని ఒక పాత ల్యాప్‌టాప్ తీసి, అందులో అదే గ్రామర్ ఎక్స్‌టెన్షన్ పెట్టాడు. పెట్టేముందు వచ్చే చిన్న హెచ్చరికను వేలితో చూపించాడు. ‘అన్ని వెబ్‌సైట్లలో మీ డేటా అంతటినీ చదవగలదు, మార్చగలదు.’ ఈ వాక్యం నాకూ కనిపించే ఉంటుంది. పక్క సీటు ఆవిడ నొక్కేసి ఉంటుంది. తరువాత ఒక ఖాళీ పేజీ తెరిచి, పేజీ నుంచి బయటికి ఏం పోతోందో చూపించే డెవలపర్ టూల్స్ అనే కిటికీని తెర అడుగున విప్పి, “ఏదైనా రాయండి మేడమ్” అన్నాడు. ‘పై విషయమునకు సంబంధించి’ అని ఇంగ్లిషులో మొదలుపెట్టాను, చేయి అలవాటు కొద్దీ. కొన్ని అక్షరాలు పడగానే కింద ఒక వరస పుట్టింది. ఇంకొన్ని కొట్టాను, ఇంకో వరస. నేను ఆగితే ఆగింది, రాస్తే కదిలింది. అతను ఒక వరస నొక్కి విప్పితే లోపల నా సగం వాక్యం ఉన్నది ఉన్నట్టు ఉంది, ఏదో విదేశీ సర్వర్ పేరు పక్కన.

అప్పుడు నాకు గుర్తొచ్చినవి టెండర్ మదింపు నోట్లు కావు. కిందటి సంవత్సరం ఒక సహోద్యోగి మీద విచారణ జరిగింది. అతని సెలవులు, అతని జబ్బు వివరాలు, అతని భార్య పెట్టుకున్న అర్జీ, అన్నిటి మీదా నోట్ రాసింది నేనే. ఆ వాక్యాలన్నీ కటువుగా ఉన్నాయని దిద్దింది ఈ గీతే.

ఆ కంపెనీ దొంగతనం చేసిందని నేను అనడం లేదు. ఏమేమి తీసుకుంటుందో దాని నిబంధనల్లో రాసే ఉందట. నా ఫైళ్లు ప్రభుత్వానివి కాకపోతే అది నా ఇష్టం. ఆ అర్జీ నాది కాదు, దాన్ని బయటికి పంపే హక్కు నాకు లేదు.

మరి ఇన్నాళ్లు లేనిది ఇప్పుడే ఎందుకు? 2024 క్రిస్మస్ నాటి సంగతి అబ్బాయే చెప్పాడు. సైబర్‌హేవెన్ అని అమెరికా కంపెనీ. దాని వ్యాపారమే సంస్థల డేటా బయటికి పోకుండా చూడటం. డిసెంబర్ 24న దాని ఉద్యోగి ఒకరికి, మీ ఎక్స్‌టెన్షన్ నియమాలు ఉల్లంఘించింది, స్టోర్ నుంచి తీసేస్తాం అని గూగుల్ పంపినట్టే మెయిల్ వచ్చింది. కంగారులో నొక్కి, అడిగిన అనుమతి ఇచ్చేశారు. ఆ అనుమతితో దొంగలు ఎక్స్‌టెన్షన్ కొత్త వెర్షన్‌ను స్టోర్‌లోకి ఎక్కించారు. సుమారు 4 లక్షల మంది వాడే ఎక్స్‌టెన్షన్ అది. వాళ్లలో ఎవరూ ఏదీ నొక్కనక్కర్లేదు. బ్రౌజర్ నడుస్తుంటే చాలు, కొత్త వెర్షన్ తనంతట తనే వచ్చి కూర్చుంటుంది. అంతకుముందు ఇంకో కథ: వాడని ట్యాబ్‌లను నిద్రపుచ్చే ‘ది గ్రేట్ సస్పెండర్’ అనేదాన్ని 20 లక్షల మందికి పైగా వాడేవారు. 2020లో దాన్ని తయారుచేసినాయన ఎవరికో అమ్మేశాడు. కొన్నవాళ్లు అందులో ఏవేవో కలిపారు. 2021 ఫిబ్రవరిలో గూగుల్ దాన్ని మాల్‌వేర్‌గా, అంటే హాని చేసే సాఫ్ట్‌వేర్‌గా, తీర్మానించి తొలగించింది. పెట్టుకున్ననాడు మంచిదే. ఇల్లు అమ్మితే అద్దెకున్నవాళ్లకు చెబుతారు, ఇక్కడ అది కూడా లేదు.

నా ఏడింటిలో తెర నల్లగా మార్చేదాని కోసం స్టోర్‌లో వెతికితే అసలు పేజీయే లేదు. ఎప్పుడో ఎత్తేశారు. మాల్‌వేర్ అని ముద్ర పడితే తప్ప, స్టోర్ నుంచి పోయినంత మాత్రాన మన కంప్యూటర్ నుంచి పోదట. యజమాని లేని కుక్క మన గుమ్మంలో పడుకున్నట్టు నా బ్రౌజర్‌లో ఉండిపోయింది.

శుభ్రం చేయడానికి మధ్యాహ్నమంతా పట్టింది. నేనైతే ముందు పాస్‌వర్డ్‌లు మార్చేసేదాన్ని. అబ్బాయి చేయి అడ్డం పెట్టాడు. ఎక్స్‌టెన్షన్లు ఉండగా మారిస్తే కొత్త పాస్‌వర్డ్ కూడా వాటి కళ్లముందే కొడతాం. కాబట్టి మొదట సింక్ ఆపాం. నా సొంత ఖాతాను ఆఫీసు బ్రౌజర్ నుంచి తీసేశాం. ఆ ప్రొఫైల్‌ను మొత్తంగా తొలగించి కొత్తది తెరిచాం. తరువాత మెయిల్‌లో, ఈ-ఆఫీస్‌లో అన్ని చోట్లా లాగౌట్ కొట్టాం. ఒకసారి లాగిన్ అయితే బ్రౌజర్‌లో ఉండిపోయే కుకీ ఎవరి చేతిలోనైనా పడితే, పాస్‌వర్డ్ తెలియకుండానే లోపలికి రావచ్చట. పాస్‌వర్డ్‌లు మార్చడం ఆఖరున. కొత్త ప్రొఫైల్‌లో కూడా స్పెల్లింగ్ తప్పు రాస్తే ఎర్ర వంకర గీత ఒకటి కనిపించి ఉలిక్కిపడ్డాను. అది బ్రౌజర్‌దేనట, కంప్యూటర్‌లో ఉన్న నిఘంటువుతోనే సరిచూస్తుంది. అందులోనే ‘మెరుగైన’ తనిఖీ అని ఇంకొకటి ఉంటుంది. అది మనం రాసింది గూగుల్‌కు పంపుతుంది కాబట్టి ఆపేశాడు.

అప్పుడే ఇంకో ముడి విడింది. ప్రభుత్వ మెయిల్, ఈ-ఆఫీస్ లాంటివి బ్రౌజర్ ప్రైవేట్ విండోలోనే తెరవండి అని అదే 2022 మార్గదర్శకాల్లో ఉంది. ప్రైవేట్ విండో అంటే ఇంట్లో వాళ్లకు తెలియకుండా ఏదో చూసుకునేది అనుకుని, ప్రభుత్వం ఇలా రాసిందేమిటని అప్పట్లో మేము గుసగుసలాడుకున్నాం కూడా. మనం ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప ఆ విండోలో ఎక్స్‌టెన్షన్లు పనిచేయవు. ఆ ఒక్క సలహా పాటించి ఉంటే పచ్చ నోట్ మీద ఎర్ర గీతే పడేది కాదు. కారణం ఒక్క వాక్యం రాసి ఉంటే బాగుండేది. మా ప్రభుత్వ కాగితాల్లో ‘చేయవలెను’ ఉంటుంది, ‘ఎందుకనగా’ ఉండదు.

మరునాడు భద్రతాధికారి పిలిచారు. కోప్పడతారనుకుంటే, ఎప్పుడు గమనించారు, ఎన్ని గంటలకు గమనించారు అని సమయాల మీదే గుచ్చి గుచ్చి అడిగారు. సైబర్ ఘటనలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం సైబర్ ఘటన జరిగిందని తెలిసిన ఆరు గంటల్లో వాళ్లకు తెలియజేయాలి. కంప్యూటర్లలో ఎప్పుడేం జరిగిందో నమోదయ్యే లాగ్‌లు 180 రోజులు భద్రపరచాలి. ఆయన ముందురోజే లాగ్‌లన్నీ తిరగేయించి, చొరబాటు ఆనవాళ్లు కనపడలేదని నోట్ రాసుకున్నారు. నేను గ్రామర్ వాడింది రెండేళ్లు, లాగ్‌లు ఉన్నది 180 రోజులవి. ఆ తేడా ఇద్దరికీ తెలుసు, ఇద్దరం ఎత్తలేదు. సంజాయిషీ నిజాయితీగా రాయండి అన్నారు. రాశాను. హెచ్చరికతో సరిపెట్టారు.

కథ ఇక్కడితో అయిపోయేదే, జీతాల బిల్లు లేకపోతే.

సిస్టమ్స్ వాళ్లు చేసింది చాలా సులువైన పని. నిషేధిత ఎక్స్‌టెన్షన్ల జాబితాలో ఒక్క నక్షత్రం గుర్తు పెట్టారు. నక్షత్రం అంటే ‘అన్నీ’. ఆపైన కావలసిన వాటి గుర్తింపు సంఖ్యలు అనుమతి జాబితాలో చేర్చాలి. అందులో డిజిటల్ సంతకం పనిచేయడానికి కావలసిన ఎక్స్‌టెన్షన్‌ను మరిచిపోయారు. జీతాల బిల్లులు పెట్టే మా డ్రాయింగ్ అధికారి తన డిజిటల్ సంతకం ఉండే, పెన్‌డ్రైవ్ లాంటి టోకెన్ గుచ్చి జీతాల బిల్లు మీద సంతకం నొక్కితే తెర మౌనంగా చూస్తోంది. టోకెన్ తీసి తుడిచి మళ్లీ పెట్టారు. కంప్యూటర్ మార్చారు. ఆలోపు నాలుగు అంతస్తులకూ వార్త పాకింది. సైబర్ భద్రత మీద మా ఆఫీసులో ఎన్ని శిక్షణ తరగతులు పెట్టినా రానంత ఆసక్తి ఆ ఒక్క పూటలో వచ్చింది. క్యాంటీన్‌లో కాఫీ పోసే ఆయన కూడా “ఎక్స్‌టెన్షన్ సరిహోయ్తా మేడమ్?” అని, అంటే బాగైందా అని, కన్నడంలో అడిగాడు. మూడింటికి సరిచేశారు.

జీతం గురించి అందరూ అడిగారు. మా విభాగంలో చూపు బాగా తక్కువ ఉన్న ఉద్యోగి గురించి మాత్రం ఎవరూ అడగలేదు. అతను ఒక ఎక్స్‌టెన్షన్‌తో పేజీ రంగులు తిరగేసి, అక్షరాలు తనకు నప్పినట్టు లావు చేసుకుని చదువుతాడు. సోమవారం నుంచి ముక్కు తెరకు ఆనించి కూర్చుంటున్నాడు. ఫిర్యాదు చేసే మనిషి కాదు. విండోస్‌లోని భూతద్దం వాడమన్నారు. అది తెరలో ఒక ముక్కనే పెద్దది చేస్తుంది, వరస చివరికి వెళ్లేసరికి మొదలు ఏమిటో మరిచిపోతానన్నాడు. నా తప్పులు నేను ఒప్పుకున్నాను గాని, ఇది మాత్రం మింగుడు పడలేదు. మినహాయింపు దరఖాస్తు ఇద్దరం కలిసి నింపాం.

ఆ ఫారం సంగతి చెప్పాలి. ఎక్స్‌టెన్షన్ పేరు, తయారీదారు, వెర్షన్, అడిగే అనుమతులు, ఏయే సైట్లలో కావాలి, వేరే మార్గం ఎందుకు కుదరదు. ఇవన్నీ బాగానే అడిగారు. అన్నిటికంటే ముఖ్యమైనది గుర్తింపు సంఖ్య. సంఖ్య అంటున్నాను గాని అందులో ఒక్క అంకె ఉండదు. 32 ఇంగ్లిషు అక్షరాలు, అవి కూడా ‘ఎ’ నుంచి ‘పి’ వరకే, అర్థం పర్థం లేని వరస. ఒకే పేరుతో పది నకిలీలు ఉండవచ్చు, ఈ 32 అక్షరాలు మాత్రం ఒక్కదానికే ఉంటాయి. ఇంత పకడ్బందీ వ్యవస్థకు మావాళ్లు ఇచ్చింది అచ్చు వేసిన కాగితం ఫారం. పెన్నుతో నింపాలి. చూపు తక్కువ ఉన్న మనిషి చదవలేడు కాబట్టి నేను రాశాను. నాలుగో రోజు తిరిగొచ్చింది, అలాంటి ఎక్స్‌టెన్షన్ లేదని. చూస్తే నా చేతిరాతలో చిన్న ‘ఐ’ని వాళ్లు చిన్న ‘ఎల్’గా కొట్టారు. రెండోసారి 32 అక్షరాలను నాలుగేసి చొప్పున ఎనిమిది గళ్లుగా విడదీసి రాశాను. రైల్వే రిజర్వేషన్ ఫారం నింపిన చేయి ఊరికే పోలేదు.

దరఖాస్తు వెనకాల, 2016 వికలాంగుల హక్కుల చట్టం 20వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ కార్యాలయం తన ఉద్యోగికి తగిన సౌకర్యం కల్పించాలని ఒక పేరా జోడించాను. దిద్దే గీత లేకుండా నేనే రాసిన పేరా. కటువుగానే ఉంది, కావాలనే ఉంచాను. వారం లోపల అనుమతి వచ్చింది, ఒక షరతుతో: జీతాల, బిల్లుల సైట్లలో ఆ ఎక్స్‌టెన్షన్ పనిచేయకుండా ఆపుతారు. అలా సైట్ల వారీగా ఆపే వీలు క్రోమ్‌లోనే ఉందట. అక్కడ అతనికి భూతద్దమే గతి.

నా గ్రామర్ దరఖాస్తు తిరస్కరించారు. అది రాస్తున్నప్పుడే నాకు తెలుసు. అయినా పెట్టాను, 26 ఏళ్ల సర్వీసులో అడగకుండా వదిలేసింది ఏదీ లేదు. ఇప్పుడు నా ఉత్తరాలు మళ్లీ ఎర్ర సిరాతో తిరిగొస్తున్నాయి. మా అధికారి ‘ది’ ఎక్కడ ఎగిరిపోయినా గుండ్రంగా చుట్టి పెడతారు.

ఇంటికెళ్లి మా వాడి దగ్గర కూర్చుని అన్నీ ఒక్కొక్కటే తీయించాను. కూపన్లది తీసేటప్పుడు “అమ్మా, అది నీ చీరకి కూడా డిస్కౌంట్ ఇచ్చింది కదా” అన్నాడు. నిజమే, ఇచ్చింది.

ఆదోని అబ్బాయిని మొన్న ఒక సందేహం అడిగాను. చూపు తక్కువ ఉన్నతని ఎక్స్‌టెన్షన్‌కు అనుమతి ఇచ్చింది దాని 32 అక్షరాలకు కదా. రేపు దాన్ని తయారుచేసినవాళ్లు ఎవరికైనా అమ్మేస్తే? అక్షరాలు అవే ఉంటాయి, లోపలి సరుకు మారుతుంది. అప్పుడు మన జాబితా ఏం చేస్తుంది?

అతను కాసేపు నన్ను చూశాడు. “మేడమ్, మీరు సిస్టమ్స్‌కి వచ్చేయండి” అన్నాడు. తరువాత నవ్వు ఆపి, మార్గం ఉందన్నాడు. పరిశీలించిన వెర్షన్‌ను మన సొంత సర్వర్‌లో పెట్టుకుని బ్రౌజర్లన్నీ అక్కడినుంచే తీసుకునేలా చేయవచ్చు, మనం చూసి ఒప్పుకుంటేనే కొత్త వెర్షన్ వస్తుంది. దానికి ఒక సర్వర్ కావాలి, చూసే మనిషి కావాలి. ఫైలు పెట్టారు.

ఈ-ఆఫీస్‌లో ఫైలు ఎవరి దగ్గర ఎన్నాళ్లుగా ఉందో కనపడుతుంది. ప్రైవేట్ విండోలోనే తెరిచి చూశాను. ఆర్థిక విభాగంలో ఉంది, నలభై ఒకటో రోజు.